సరుకు కన్నా ముందు చేరిన ఉత్తరం

మా మదరసాలో ‘హిదాయా’ గ్రంథం బోధించేటప్పుడు జకాత్ ప్రకరణంలో ఒక చిన్న అధ్యాయం వస్తుంది. దారి మీద నియమితుడైన సుంకం వసూలుదారు వద్దకు వర్తకుడు వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది అందులోని విషయం. ఆ వసూలుదారును ‘ఆషిర్’ అంటారు. పాతికేళ్ళకు పైగా ఆ అధ్యాయం చెబుతున్నాము. కాని ఒక సరిహద్దు ఎలా ఉంటుందో, అక్కడ సరుకుతో నిలబడిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు. 2024 మార్చిలో, షాబాన్ నెల చివరి దినాలలో, ఆ అవకాశం కలిగింది.

మా బావమరిది గుంటూరులో మిర్చి వ్యాపారి. రమజాన్ ముందు బంగ్లాదేశ్‌లో ఎండుమిర్చికి గిరాకీ పెరుగుతుందని అక్కడి వ్యాపారి ఒకరితో బేరం కుదుర్చుకొని, 450 టిక్కీలు, అంటే సుమారు 20 టన్నుల కాయ, లారీకి ఎత్తించాడు. మదరసాకు వార్షిక సెలవులు ఇచ్చిన మరునాడే వచ్చి, “దుల్హేభాయ్, ఒక్కడినే వెళ్ళాలంటే మనసొప్పడం లేదు. మీరు తోడు రండి. నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేద్దాం. మొదటి తరావీహ్ మన మసీదులోనే చదువుకుందాం” అన్నాడు. అక్కగారు కూడా తమ్ముడి పక్షమే వహించడంతో కాదనలేకపోయాము.

గుంటూరులో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగాము. గురువారం ఉదయం సియాల్దా స్టేషన్ నుండి లోకల్ రైలులో బన్‌గావ్ వెళ్ళాము. రెండు గంటల ప్రయాణం. కిటికీకి ఇరువైపులా వరిమళ్ళు, చెరువులు, అరటి తోటలు. మన డెల్టాలోనే తిరుగుతున్నట్లు అనిపించింది. బన్‌గావ్ పట్టణం ఇఛామతి నది ఒడ్డున ఉంది. అక్కడి నుండి పెట్రాపోల్ సరిహద్దుకు ఆటోలో వెళ్ళాలి. ఆ దారి పేరు జెస్సోర్ రోడ్డు. కలకత్తా నుండి నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ పట్టణానికి వెళ్ళే పాత బాట అది. ఇరుపక్కలా కొమ్మలు కలిపి గొడుగు పట్టిన మహావృక్షాలు. 1947కు ముందు ఈ దారికి మధ్యలో గేటు లేదు. 1971లో లక్షలాది శరణార్థులు చేతికందిన మూటలతో ఈ బాట వెంటే ఇటు నడిచి వచ్చారు. ఇప్పుడు ఆ చెట్ల కింద లారీలు నిలబడి ఉన్నాయి.

పెట్రాపోల్ దక్షిణాసియాలోకెల్లా పెద్ద భూ ఓడరేవుగా పేరు పొందింది. సముద్రం లేని ఈ ఓడరేవులో ఓడలకు బదులు లారీలు వస్తాయి. ఆవలి వైపు ఊరు బేనాపోల్. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య భూమార్గాన జరిగే వర్తకంలో అధిక భాగం ఈ ఒక్క గేటు గుండానే సాగుతుంది. 2016లో ఇక్కడ సమీకృత తనిఖీ కేంద్రం ప్రారంభమైంది. విశాలమైన ఆవరణ, గోదాములు, తూకపు యంత్రాలు అన్నీ ఉన్నాయి. వరుసలో నిలబడనక్కర లేకుండా లారీ యజమానులు ముందుగానే ఆన్‌లైన్‌లో సమయం కేటాయించుకునే పద్ధతి కూడా వచ్చింది. ఇవన్నీ చూసి మా బావమరిది ధైర్యం తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ ధైర్యం సడలిపోయింది.

కాగితాలు చూసే ఏజెంటు ఒక పత్రం మీద వేలు పెట్టి చూపించాడు. విదేశీ కొనుగోలుదారు తరఫున అతని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాన్ని ఎల్‌సీ అంటారు. సరుకు వివరాలు అందులో ఎలా ఉంటే తక్కిన కాగితాలన్నింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఆ ఎల్‌సీలో ‘తొడిమ తీసిన ఎండుమిర్చి’ అని ఉంది. బేరం కుదిరింది తొడిమ ఉన్న కాయకు. లారీలో ఉన్నదీ అదే. ఎవరి చేతిలో ఆ మాట దొర్లిందో తెలియదు గాని, మా మిర్చికి తొడిమ ఉంది, కాగితం మీది మిర్చికి లేదు. ఢాకాలోని బ్యాంకు ఆ మాట సవరించి పంపితే తప్ప లారీ కదలదు.

“ఎంతసేపు పడుతుంది?” అని అడిగాము. ఏజెంటు వేళ్ళ మీద లెక్క చెప్పాడు. ఈరోజు గురువారం సాయంకాలమైపోయింది. శుక్ర, శనివారాలు బంగ్లాదేశ్‌లో బ్యాంకులకు సెలవు. ఆదివారం అక్కడ తెరుస్తారు, కాని ఆరోజు ఇక్కడ సెలవు. కనుక సోమవారం.

ఒక్క మాట సవరణ. రాయడానికి అరనిమిషం పట్టదు. రెండు దేశాల సెలవుల నడుమ ఆ అరనిమిషం నాలుగు రోజులై కూర్చుంది. మంగళవారం నుండి రమజాన్ ఉపవాసాలు మొదలు కావచ్చునని అందరూ అనుకుంటున్నారు. పండుగ నెల సరుకు ఇళ్ళకు చేరవలసింది నెల మొదలు కాకముందే కదా!

లారీ నిలిపిన స్థలానికి వెళ్ళాము. డ్రైవరు చిలకలూరిపేట వాడు. తెలుగు మాట వినగానే కేబిన్ దిగి వచ్చి, “సాయిబుగారూ, నాలుగు రోజులు తోలుకొచ్చాను, ఇక్కడ నాలుగు రోజులు కూర్చోమంటున్నారు” అన్నాడు. లారీ యజమానికి రోజుకు ఇంతని హాల్టింగ్ వస్తుంది. డ్రైవరుకు మాత్రం ట్రిప్పు లెక్కన జీతం. లారీ కదిలితేనే అతనికి కూలి. టార్పాలిన్ పట్టా నీడలో స్టవ్ వెలిగించి అన్నం వండుకున్నాడు. మమ్మల్నీ కూర్చోమన్నాడు. గోంగూర పచ్చడి వేసిన ఆ అన్నం రుచి మరువలేము. “ఈ దారి నాకు కొత్త కాదండీ. ఎక్కడ ఏ గుంట ఉందో చెప్పగలను. ఎక్కడ ఎన్ని రోజులు ఆగాలో మాత్రం ఎవడూ చెప్పలేడు” అన్నాడతను.

అతని మాటకు లెక్కలు కూడా సాక్ష్యమిస్తున్నాయి. ప్రపంచ బ్యాంకు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం పెట్రాపోల్-బేనాపోల్ దాటడానికి సరుకుకు 138 గంటలు పడుతోంది. అంటే ఆరు రోజులకు కొంచెం తక్కువ. అందులో 28 గంటలు కేవలం ఒక లారీలోంచి దించి ఇంకొక లారీలోకి ఎత్తడానికే పోతున్నాయి. మన లారీ ఢాకా దాకా వెళ్ళడానికి వీలు లేదు. గేటు దాటి బేనాపోల్ యార్డులో సరుకు దించి, ఖాళీగా వెనక్కు రావాలి. అక్కడ మరొక లారీ ఎత్తుకోవాలి. ఇంచుమించు ఇంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దులలో ఆరు గంటల లోపే దాటుతున్నారని అదే అధ్యయనం చెప్పింది. భారతీయ సంస్థ ఒకటి పొరుగున ఉన్న బంగ్లాదేశ్ సంస్థతో వర్తకం చేయడం కన్నా సముద్రాలకు ఆవల ఉన్న బ్రెజిల్‌తోనో జర్మనీతోనో చేయడం 15 నుండి 20 శాతం చవక అని కూడా తేల్చింది. ఒకే నేల, ఒకే నది, ఇటూ అటూ ఒకే భాష ఉన్నచోట ఈ పరిస్థితి!

శుక్రవారం నాడు జుమా తరువాత మా బావమరిది మమ్మల్ని మసీదు ఆవరణలో ఒక మూలకు తీసుకుపోయాడు. చాలాసేపు మౌనంగా కూర్చుని, తలవంచుకొనే అడిగాడు.

“దుల్హేభాయ్, ఎండకు కాయలో తేమ ఆరిపోతోంది. టిక్కీకి అరకిలో తగ్గినా 450 టిక్కీలకు రెండు క్వింటాళ్ళ పైన పోతుంది. పక్కనున్న లారీవాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. సంచుల మీద రాత్రిపూట కొంచెం నీళ్ళు కొడితే తూకం నిలుస్తుందట. నేను లాభం కోసం చేయడం లేదు. గుంటూరులో ఎంత తూచానో అంతే అప్పగించాలని. ఇది తప్పవుతుందా?”

ఇటువంటి ప్రశ్నకు జవాబు మాకు కంఠస్థమే. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగిలేసరికి ఆ వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం ప్రతి మదరసా విద్యార్థికీ తెలుసు. వాన పడి తడిసిందని చెప్పినా, ఆ తడిని కొనేవాడి కంటికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. నీళ్ళు కొట్టిన మిర్చికి బూజు పడుతుంది, బూజులో విషం పుడుతుంది, అది ఎవరి ఇంటి ఇఫ్తార్ విస్తరిలోకి చేరుతుందో మనకు తెలియదు. “చేయవద్దు. తగ్గిన తూకం తగ్గినట్టే చెప్పు” అన్నాము.

అతడు వెంటనే, “సరే, చేయను” అన్నాడు. మరి కొంతసేపటికి తల ఎత్తి, “కాని ఈ నష్టం నేను ఒక్కడినే మోస్తాననుకుంటున్నారా? నేను మోయలేను. వచ్చే వారం యార్డులో రైతు కాయ చూపించినప్పుడు, దారిలో ఇన్ని రోజులు పోతాయని లెక్క వేసుకొని క్వింటాలుకు కొంత తగ్గించే ధర చెబుతాను. నేనే కాదు, అందరూ అంతే” అన్నాడు.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. హరామ్, హలాల్ చెప్పి మా పని అయిపోయిందనుకున్నాము. కాని ఆ గేటు దగ్గర పోయిన నాలుగు రోజుల ఖరీదు ఎవరి వద్ద వసూలవుతోందో చూడండి! పల్నాడులో ఎకరం కౌలుకు తీసుకొని, అప్పు తెచ్చి, పురుగు మందు కొట్టి, కోత కూలి ఇచ్చుకున్న రైతు వద్ద. అతనికి పెట్రాపోల్ పేరు కూడా తెలియదు. అటువైపు చివరన, రమజాన్ సరుకులు కొనడానికి అంగడికి వెళ్ళిన ఢాకా రిక్షా కార్మికుని వద్ద. నడుమ, ట్రిప్పు లెక్కన బతికే చిలకలూరిపేట డ్రైవరు వద్ద. ఆలస్యమనేది ఏ ప్రభుత్వ ఖజానాకూ చేరని సుంకం. దానిని కట్టేది ఎప్పుడూ బలహీనుడే. పైగా అది నిజాయితీపరుని చేతిలో నీళ్ళ బిందె పెట్టి, కొట్టు కొట్టు అని ప్రేరేపిస్తుంది కూడా.

ఆ రాత్రి మాకు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) తన ‘కితాబుల్ ఖరాజ్’లో పొందుపరచిన ఒక వృత్తాంతం గుర్తుకు వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో యూఫ్రటీస్ నది దారి మీద జియాద్ బిన్ హుదైర్ అనే ఆయన సుంకం వసూలు చేసేవారు. ఒక క్రైస్తవ వర్తకుడు అటుగా వెళుతూ సుంకం చెల్లించాడు. తిరిగి వస్తుంటే మళ్ళీ చెల్లించమన్నారు. దాటిన ప్రతిసారీ ఇవ్వాలా అని అడిగితే, ఇవ్వాల్సిందేనన్నారు. ఆ వర్తకుడు నేరుగా మక్కాకు ప్రయాణమై, ఖలీఫాను కలిసి తన గోడు చెప్పుకున్నాడు. ఖలీఫా క్లుప్తంగా జవాబిచ్చి ఊరుకున్నారు. ఆ క్లుప్తతకు నిరాశపడి, రెండోసారీ చెల్లించక తప్పదనే నిశ్చయంతో అతడు వెనుదిరిగాడు. కాని అతను నది దారికి చేరేసరికి ఖలీఫా ఉత్తరం అతని కన్నా ముందే అక్కడకు చేరి ఉంది. ఏడాదికి ఒక్కసారికి మించి అతని వద్ద తీసుకోరాదన్నది అందులోని ఆజ్ఞ.

హిదాయా అధ్యాయంలోని రెండు అంశాలు ఈ వృత్తాంతం పక్కన పెట్టి చూస్తే కొత్తగా వెలిగాయి. ఆషిర్‌కు వసూలు చేసే హక్కు ఎక్కడిది? దారిని దొంగల బారి నుండి కాపాడి వర్తకునికి రక్షణ కల్పిస్తాడు కనుక. దారికి చేసే సేవ వల్లనే సుంకం మీద హక్కు పుడుతుంది. రెండవది, ఇదివరకే ఇంకొక ఆషిర్‌కు చెల్లించానని వర్తకుడు ప్రమాణం చేసి చెబితే, ఆ ఏడాది అలాంటి వసూలుదారు మరొకడు ఉన్నట్లయితే, అతని మాట నమ్మాలి. ఒకచోట జరిగిన పనిని ఇంకొకచోట గుర్తించాలన్నమాట.

నేటి ప్రపంచం చేసుకున్న ఒప్పందంలోనూ ఇంచుమించు ఈ సూత్రాలే కనిపిస్తాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు 2013 డిసెంబరులో ఇండోనేషియాలోని బాలీలో ‘వాణిజ్య సౌలభ్య ఒప్పందం’ కుదుర్చుకున్నాయి. అది 2017 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చింది. భారత్, బంగ్లాదేశ్ రెండూ 2016లోనే దానిని ఆమోదించాయి. సరుకు చేరకముందే కాగితాలు స్వీకరించి పరిశీలించడం, అన్ని శాఖలకూ వేర్వేరుగా కాక ఒకేచోట పత్రాలు సమర్పించే ఏకగవాక్ష పద్ధతి, ఇరుగుపొరుగు దేశాల అధికారులు పనివేళలు, పనిదినాలు కలుపుకోవడం వంటివి అందులోని ముఖ్యాంశాలు. పనిదినాలు కలుపుకోవడమన్న మాట చదివినప్పుడు, మా గురువారం సాయంకాలం గుర్తుకు రాక మానదు.

ఈ ఒప్పందంలో పేద దేశాలకు మేలు చేసే ఒక ఏర్పాటు ఉంది. వర్ధమాన దేశాలు తాము చేయవలసిన పనులను మూడు వర్గాలుగా విడదీసుకోవచ్చు. వెంటనే చేయగలిగినవి ఒకటి. కొంత గడువు కావలసినవి రెండు. గడువుతో పాటు ఇతరుల సహాయం కూడా కావలసినవి మూడు. శక్తి లేనివాని మీద భారం మోపి శిక్షించకుండా, శక్తి కలిగించి బాధ్యత అప్పగించే పద్ధతి ఇది. పూర్తిగా అమలైతే వర్తకపు ఖర్చు సగటున 14.3 శాతం తగ్గుతుందని ఆ సంస్థ అంచనా.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజీ నది మీద చిరుండు అనే సరిహద్దు ఉంది. అక్కడ 2009 డిసెంబరులో ఇరుదేశాల అధికారులు ఒకే కప్పు కింద కూర్చుని, లారీని ఒక్కచోటే ఆపి, ఇద్దరూ కలిసి తనిఖీ చేసే పద్ధతి మొదలైంది. ఆఫ్రికాలో అటువంటి వాటిలో మొదటిది అదే. తరువాత కెన్యా, ఉగాండాల నడుమ బుసియా, మలాబా సరిహద్దులలోనూ ఆ పద్ధతి వచ్చింది. తనిఖీ వద్దని ఎవరూ అనరు. మత్తు పదార్థాలు, దొంగ సరుకు, చీడపట్టిన విత్తనం రాకుండా చూడవలసిందే. ఒకే తనిఖీని రెండుసార్లు చేయడం ఎందుకన్నదే ప్రశ్న.

మన గుంటూరు మిర్చికే ఒకసారి ఇటువంటి మేలు జరిగింది. 2020లో లాక్‌డౌన్ వల్ల లారీలు నిలిచిపోయినప్పుడు, గూడ్సు రైలులో పంపాలంటే ఒక్కసారికి 1,500 టన్నులకు పైగా సరుకు కావలసి వచ్చేది. చిన్న వ్యాపారులు అంత ఎక్కడి నుండి తెస్తారు? అప్పుడు రైల్వే శాఖ, 500 టన్నుల లోపు సరుకుకు కూడా వీలుగా ప్రత్యేక పార్శిల్ రైలు ఏర్పాటు చేసింది. ఆ ఏడాది జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుండి 16 పెట్టెలలో 384 టన్నుల ఎండుమిర్చి నేరుగా బేనాపోల్ చేరింది. మన దేశపు పార్శిల్ రైలు సరిహద్దు దాటడం అదే మొదటిసారి. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలయ్యే ఖర్చు, రైలులో 4,600 చిల్లరకు దిగింది. ఎవరూ కొత్త పట్టాలు వేయలేదు. ఉన్న పట్టాల మీద ఒక నిబంధన సడలించారు, అంతే.

సోమవారం మధ్యాహ్నానికి ఢాకా నుండి సవరణ వచ్చింది. అసర్ వేళకు మా లారీ గేటు దాటింది. డ్రైవరు కిటికీలోంచి చేయి ఊపాడు. మేము గేటుకు దూరంగా నిలబడి, ఎర్రని టార్పాలిన్ కనుమరుగయ్యే దాకా చూశాము. తూకంలో తగ్గిన సంగతి మా బావమరిది కొనుగోలుదారుకు ఫోనులోనే చెప్పేశాడు. అవతలి మనిషి మంచివాడే గాని, సరుకు బజారుకు చేరేసరికి రమజాన్ కొనుగోళ్ళు ముగిసిపోతాయన్నాడు, ధర తగ్గించాడు. ఆ బేరంలో మా బావమరిదికి నష్టమే మిగిలింది.

ఆ సాయంత్రం మగ్రిబ్ వేళ అవతలి వైపు నుండి అజాన్ వినిపించింది. వెంటనే మా వైపు మసీదులోనూ మొదలైంది. అక్కడి గడియారం మనకన్నా అరగంట ముందు నడుస్తుంది. సూర్యుడు మాత్రం ఇద్దరికీ ఒక్కసారే అస్తమించాడు. నమాజు ముగించి బయటకు వచ్చేసరికి పిల్లలు పడమటి దిక్కుకు వేళ్ళు చూపుతున్నారు. చెట్ల కొమ్మల నడుమ రమజాన్ నెలవంక. మొదటి తరావీహ్ మన మసీదులో చదవాలనుకున్నాము, బన్‌గావ్‌లో చదివాము. మరునాటి ఉపవాసం తిరుగు ప్రయాణంలో గడిచింది.

ఆ తరువాత 2024 అక్టోబరులో పెట్రాపోల్‌లో సరుకు రవాణా కోసం ‘మైత్రీ ద్వార్’ అనే కొత్త గేటు తెరిచారు. 2025లో రెండు ప్రభుత్వాలూ కొన్ని సరుకులను భూమార్గాన రానివ్వకుండా ఆంక్షలు పెట్టుకున్నాయి. 2015 జూన్‌లో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ థింపూలో సంతకాలు చేసిన మోటారు వాహనాల ఒప్పందం ఈనాటికీ పూర్తిగా అమలుకు నోచుకోలేదు. గేట్లు వెడల్పు కావడం, మనసులు వెడల్పు కావడం రెండూ ఒకటి కాదు.

ఈ ఏడాది ఆషిర్ అధ్యాయం వచ్చినప్పుడు, మేము పుస్తకం మూసి, విద్యార్థులకు తొడిమ ఉన్న మిర్చి కథ చెప్పాము. చివరన ఒక పిల్లవాడు లేచి, “ఉస్తాద్, ఆ వర్తకుడు వెనక్కు వచ్చేలోపే ఖలీఫా ఉత్తరం అక్కడికి ఎలా చేరింది?” అని అడిగాడు.

“అతను వెళ్ళిన వెంటనే రాశారు కనుక” అన్నాము.